రెండో బంతి

గున్నలంక,
పెదపాడు పోస్టు,
5-10-1955, బుధవారం.

మహారాజశ్రీ నరసింహరాజు గారికి,

గున్నలంక అప్పన్న కొడుకు పెద్దింటయ్య చేతులు జోడించి రాసుకుంటున్న ఉత్తరం. ఇక్కడ మా అమ్మా నాన్నా నేనూ ప్రాణాలతో ఉన్నాం. ఏలూరు హాస్టల్లో తమరూ, తాడేపల్లిగూడెంలో తమ తల్లిదండ్రులూ సుఖంగా ఉన్నారనే తలుస్తాను. సుఖంగా ఉండకపోవడానికి నాకైతే కారణం కనిపించడం లేదు.

ఈ ‘గారు’ ఏమిటి, ఈ ‘తమరు’ ఏమిటి అని మీరు మొహం చిట్లిస్తారని తెలుసు. కాలేజీలో చేరిన కొత్తలో నేనిలాగే పిలిచేవాణ్ణి. రాజుల పిల్లల్ని మా లంకలో ఎవరూ మరోలా పిలవరు. మీరే ఒకరోజు నా భుజం మీద చెయ్యి వేసి, ఇంకోసారి గారు అన్నావంటే పలకనురా అన్నారు. అప్పట్నుంచి ఏడాది పైగా ఒరే నరసింహం అనే అన్నాను. ఇప్పుడు ఆ పిలుపు నోటికి రావడం లేదు.

మీ కార్డులు రెండూ అందాయి. తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండా నీళ్లు చేరడంతో మొదటిది పది రోజులు పెదపాడులోనే పడివుంది. మా లంకకి పోస్టుబంట్రోతు రాడు కదా, పెదపాడు వెళ్లినవాళ్లెవరో తేవాలి. రెండూ మా నాన్నే తెచ్చాడు. రాజుబాబు ఏం రాశాడని అడిగాడు. హాజరు తగ్గిపోతోందట, పదిహేనో తారీకు లోపల రాకపోతే మార్చి పరీక్షకి పంపరట అని చెప్పాను. వెళ్తావా అన్నాడు. వెళ్లనన్నాను. ఆయన వెదురు పుల్లలు ముందేసుకుని చేపల మావు అల్లుకుంటూ కూర్చున్నాడు.

మా అమ్మ మాత్రం ఊరుకోవడం లేదు. నిన్న నేను దోనె గడ పట్టుకుంటే, నీ చేతులు పుస్తకానికి అలవాటు పడ్డాయిరా, గడ పట్టుకుంటే బాగా లేవు అంది. బాగా లేకపోవడమే కాదు, పనికి కూడా రావడం లేదు. ఈ ఏడాదిలో గడ వెయ్యడం మరిచిపోయాను. దోనె ముందుకు పోకుండా ఉన్నచోటే గిర్రున తిరిగితే ఒడ్డున ఆడవాళ్లంతా నవ్వారు. ఈ లంకలో హైస్కూలు దాటి చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు చదువూ లేదు, గడా రాదు. మీ కార్డులో ‘నీ భవిష్యత్తు పాడుచేసుకోకు’ అని రాశారు. పాడుచేసింది ఎవరో ఆ కార్డులో రాయలేదు.

అందుకే నేను రాస్తున్నాను. నాకు తెలిసింది తెలిసినట్టు ఒకచోట పెడితే తప్ప నా కడుపుమంట చల్లారేలా లేదు.

నేను హాస్టల్లో చేరిన రోజు గుర్తుందా మీకు? గేటు పక్కన బోర్డు: అన్ని కులముల విద్యార్థులకును ప్రవేశము కలదు. మా నాన్నకి ఆ బోర్డు నేనే చదివి వినిపించాను. ఆయన తలపాగా తీసి దానికి దణ్ణం పెట్టాడు. లోపల రాత్రి భోజనానికి గంట కొడితే నేనూ అందరితో పాటు హాల్లోకి వెళ్లి కూర్చున్నాను. వంటాయన నా దగ్గరికొచ్చి వంగి, ఎంతో మెల్లిగా, మీది రెండో బంతండీ, వరండాలో అన్నాడు. అండీ అనే అన్నాడు. ఏలూరులో ఎవరినైనా లేవగొట్టేటప్పుడు కూడా మర్యాద తప్పరు.

ఈ రెండో బంతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. రూల్సు పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను, అందులో లేదు. నలభై రెండు మందిలో ముప్ఫై ఒక్కరు హాల్లో మొదటి బంతి, పదకొండు మంది వరండాలో రెండో బంతి. పెదపాడు మాలపల్లి నుంచి వచ్చిన పేతురు, కామవరపుకోట దర్జీ కొడుకు జిలానీ, చేపల వాసన అంటుతుందని నేను, మావంటి ఇంకో ఎనిమిది మంది. మా వంతు వచ్చేసరికి చారులో తేట, మజ్జిగలో నీళ్లు. మొదటి బంతి విస్తళ్లు పనిమనిషి సుందరమ్మ తీసేది. మావి మేమే తీసి బయట పారేసి, చోటు కడుక్కోవాలి. తిండి చాలలేదని నేనెప్పుడూ బాధపడలేదు. క్లాసులో నా పక్కన కూర్చుని నా లెక్కలు చూసి రాసుకున్నవాడే గంట కొట్టగానే నన్ను దాటుకుని లోపలికి వెళ్లేవాడు. బాధంతా అదే.

అప్పుడు మీరొచ్చారు. ఆగస్టులో ఒక ఆదివారం విస్తరాకు చేత్తో పట్టుకుని వరండాలోకొచ్చి నాకూ పేతురుకీ మధ్య కూర్చున్నారు. వంటాయన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వడ్డించండి, ఆకలేస్తోంది అన్నారు మీరు. తిన్నాక మీ ఆకు మీరే తీశారు. ఆ పూట నేనేం తిన్నానో నాకు తెలియదు. ఆ సాయంత్రమే, గారు అనొద్దన్నది.

మా లంకకి కూడా వచ్చారు. మా అమ్మ చేతి కొర్రమీను పులుసు రెండుసార్లు వేయించుకున్నారు. మా నాన్నని బాబాయ్ అన్నారు. ఒక రాజుగారబ్బాయి తనని బాబాయ్ అన్నాడని ఆయన లంకలో ఎన్నిళ్లలో చెప్పుకున్నాడో మీకు తెలియదు. దోనె దిగేటప్పుడు మీరు బురదలో జారిపడితే నవ్వాలో వద్దో తెలియక ఆయన పడ్డ అవస్థ చూసి మనిద్దరం నవ్వుకున్నాం.

ఇంత చేసినవాడివి, ఎందుకిలా చేశావు?

చూశారా, నువ్వు అనేశాను. కోపంలో మర్యాద నిలవదు. ఇక ఇలాగే రాస్తాను.

అర్జీ ఆలోచన నాది కాదు, నీది. జూన్ నుంచి అంటరానితనం మీద కొత్త చట్టం వచ్చిందని పేతురు పేపరు తెస్తే, దాన్ని పట్టుకుని గంటసేపు మాట్లాడినవాడివి నువ్వు. మెస్ సెక్రటరీగా ఈ ఏడు నువ్వే ఎన్నికయ్యావు కాబట్టి సభలో నువ్వు ప్రవేశపెడతానన్నావు. ఒకటే బంతి, ముందొచ్చినవాళ్లు ముందు కూర్చోవడం, అంతే కదా మేం అడిగింది. అర్జీ నేను రాశాను. పదకొండు సంతకాల్లో మొదటిది నాది. జిలానీ భయపడి రెండు రోజులు సంతకం పెట్టలేదు. పెద్దింటయ్య ఉన్నాడు, వెనకాల నరసింహరాజు ఉన్నాడు, ఇంక భయమేమిట్రా అని నేనే చెప్పి పెట్టించాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

వార్డెన్ జోగారావు మాస్టారు కూడా కాదనలేదు. పిల్లలు ఒప్పుకుంటే నాదేముందయ్యా అన్నారు. నువ్వు గదిగదికీ తిరిగి మొదటి బంతిలో పంతొమ్మిది మందిని ఒప్పించానన్నావు. మనం గెలిచినట్టే అని శుక్రవారం నాతో అన్నావు.

ఆదివారం, సెప్టెంబరు నాలుగు. హాల్లో నలభై రెండు మందీ ఉన్నాం. నేను ఆ గదిలో నేల మీద కూర్చోవడం చేరిన రోజు తర్వాత అదే మొదలు. నువ్వు లేచి నిలబడ్డావు. చేతిలో మన అర్జీ లేదు. వేరే ఏదో కాగితం ఉంది.

“ఈ అర్జీ మీద చర్చ అక్కర్లేదండి. పెట్టుకున్నవాళ్లే వెనక్కి తీసుకుంటున్నారు.”

ఇంతే అన్నావు. నేను నీ మొహం వంకే చూస్తున్నాను. నువ్వు మాస్టారి బల్ల వంక చూస్తున్నావు. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. లేచి అబద్ధమని అరవాల్సింది. నువ్వన్నావు కాబట్టి ఏదో ఉండే ఉంటుంది, తర్వాత చెబుతావు అనుకున్నాను. అంత నమ్మాను నిన్ను.

సభ అయ్యాక వరండాలో అడిగాను. ఇప్పుడేమీ అడక్కు, నాలుగు రోజులు ఇంటికెళ్లి ఉండిరా అన్నావు. చేతిలో ఉన్న కాగితం చూపించమంటే జేబులో పెట్టుకున్నావు.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. వెనక్కి తీసుకున్నవాళ్లు అంటే ఎవరు? మొదటి సంతకం ఎవరిదో వాడే. నీతో తిరిగేవాడు ఎవడో వాడే. ఆ రాత్రి రెండో బంతిలో పేతురు నా పక్కన కూర్చోలేదు. మధ్యలో ఒక మనిషి పట్టే చోటు వదిలి అవతల కూర్చున్నాడు. వంటాయన ఆ ఖాళీలో కూడా ఆకు వేయబోయి మళ్లీ తీసేశాడు. జిలానీ మటుకు నేరుగానే అడిగాడు.

“నీకొక్కడికి లోపల చోటిస్తామన్నారా?”

లేదన్నాను. నమ్మలేదు. నేనైనా నమ్మేవాణ్ణి కాదు. మొదటి బంతి వాళ్లు నన్ను ఏడాదిపాటు వరండాలో కూర్చోబెట్టారు, భరించాను. వరండాలో వాళ్లు ఒక్క పూట దూరంగా కూర్చుంటే భరించలేకపోయాను. మర్నాడు పొద్దున్నే పెట్టె సర్దుకుని వచ్చేశాను. నన్ను నట్టేట ముంచావు నరసింహం. ఈత వచ్చినవాణ్ణే గానీ, ఇలాంటి నీళ్లు నాకు కొత్త.

నెల రోజులుగా ఇదే ఆలోచన. మీ నాన్నగారు కబురు చేశారా? చేపలవాళ్లతో కలిసి తిన్నావని మీ వాళ్లలో ఎవరైనా ఏమైనా అన్నారా? యూనియన్ ప్రెసిడెంటుగా నిలబడతావని అంటున్నారు, ఆ ముప్ఫై ఒక్కరి ఓట్లు కావాల్సి వచ్చిందా? ఏదైనా సరే, ఒక్క మాట నాతో చెబితే నేనే అర్జీ చింపేసేవాణ్ణి. నీకు ఇబ్బంది అంటే మరో ఏడాది వరండాలో తినేవాణ్ణి. నువ్వు ఆ మాట కూడా అనలేదు. నువ్వు ఒక పూట మా బంతిలో కూర్చున్నావు, లేచి వెళ్లిపోయావు. లేవగలిగిన వాడికి ఏ బంతయినా ఒకటే.

నేను రాను. పరీక్ష పోతే పోయింది. నా గదిలో మిగిలిన పుస్తకాలు పేతురుకివ్వండి. అర్జీ వెనక్కి తీసుకున్నది పెద్దింటయ్య కాదని మీ నోటితో అతనికి చెప్పండి. ఆ ఒక్కటీ చేస్తే చాలు, ఇంకేమీ అడగను. జవాబు రాయనక్కర్లేదు.

మీ అమ్మగారికి నా నమస్కారాలు. ఆవిడ పంపిన జంతికల డబ్బా మా ఇంట్లోనే ఉండిపోయింది, ఎవరితోనైనా పంపుతాను.

ఇట్లు,
ఒకప్పుడు మీ స్నేహితుడు,
పెద్దింటయ్య.

తా.క.
8-10-55, శనివారం.

గాలికి మూడు రోజులు దోనెలు కదల్లేదు. ఉత్తరం ఇంట్లోనే ఉండిపోయింది. ఈ పొద్దున నాన్న పెదపాడు బయల్దేరుతూ, కవరు చేత్తో పట్టుకుని బరువు చూసి, ఇంత ఏం రాశావురా అన్నాడు. నీకెందుకన్నాను. చదువు, వింటాను అన్నాడు. కోపంగానే విప్పి, మొదటి నుంచి చదువుతూ వచ్చాను. ఈ ముక్కలన్నీ ఆయనకైనా తెలియాలనిపించింది.

‘వేరే ఏదో కాగితం ఉంది’ అన్న చోట ఆపమన్నాడు.

“ఆ కాగితం నాదిరా” అన్నాడు.

నరసింహం, ఇక నీకు తెలిసిందే నేను నీకు చెప్పాలి. ఏలూరు చేపల మార్కెట్లో ఎవరో, మీవాడు హాస్టల్లో పెద్దవాళ్ల మీద తగువు పెట్టాడట అని ఆయనతో అన్నారట. మా లంకలో పెద్దల మాటకి ఎదురు చెప్పినవాణ్ణి కులంలోంచి వెలి వేస్తారు. నిప్పు ఇవ్వరు, దోనె ఒడ్డుకి లాగడానికి చెయ్యి వెయ్యరు. అది తప్పాలంటే ఒకటే దారి. ఇంటి పెద్ద ముందుగానే వెళ్లి, మెడలో తువ్వాలు వేసుకుని, తప్పు మాదేనని ఒప్పుకోవాలి. తప్పు ఉన్నా లేకపోయినా. మా చిన్నాన్న అబ్బులు ఒకసారి పెద్దలు పెట్టిన వలహద్దు తప్పని పదిమందిలో అన్నాడు. తమ్ముడిది న్యాయమే, నేనెందుకు ఒప్పుకోవాలని నాన్న వెళ్లలేదు. వెలి వేశారు. ఆయన ఉప్పుటేరు దాటి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆ పొరపాటు కొడుకు విషయంలో చెయ్యకూడదనుకున్నాడు నాన్న. సభకి ముందు రోజు, శనివారం మధ్యాహ్నం జోగారావు మాస్టారి ఇంటికి వెళ్లి, మెడలో తువ్వాలుతో గుమ్మం ముందు నిలబడ్డాడు.

నన్ను హాస్టల్లోంచి తీసేస్తామని మాస్టారు అనలేదు. ఎవరూ అనలేదు. ఈయనే వెళ్లి, మావాడు చిన్నవాడండీ, కూర్చోమన్నచోటే కూర్చుంటాడండీ, చదువు మాత్రం ఆపకండీ అన్నాడు. మాస్టారికి అడక్కుండానే దారి దొరికింది. నిన్ను పిలిపించి, నాన్న చెప్పింది, అర్జీ వెనక్కి తీసుకుంటున్నామని కూడా కలిపి, రాయమన్నారు. నువ్వు రాశావు. అబ్బాయిని ఒక్కసారి అడుగు బాబాయ్ అని రెండుసార్లు అన్నావట. ఈయన వినలేదు. వేలిముద్ర వేసి, నీ చెయ్యి తన నెత్తి మీద పెట్టుకుని, మావాడితో చెప్పావంటే నా మీద ఒట్టే అన్నాడట.

అందుకన్నమాట నువ్వు నోరు విప్పనిది.

అమ్మ పొయ్యి దగ్గరే నిలబడి అంతా వింది. నాన్న నా మొహం చూడలేదు. నీ చదువు నిలబెడదామనే వెళ్లాన్రా, నువ్వే మానుకొస్తావనుకోలేదు అన్నాడు. మా నాన్న ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

నువ్వు నన్ను అమ్ముకోలేదని తెలిశాక నా గుండె తేలికపడాలి. పడలేదు. మాస్టారింటికీ హాస్టలుకీ మధ్య ఒక రోడ్డే ఉంది. ఆ మధ్యాహ్నం నేను గదిలో సభ కోసం అర్జీ శుభ్రంగా తిరగరాసుకుంటున్నాను. రోడ్డుకి అవతల మీరు ముగ్గురూ, నా బాగు కోరే ముగ్గురూ, నేనెక్కడ కూర్చుని తినాలో తేల్చేశారు. నన్ను పిలవాలని ఒక్కరికి తోచలేదు. ఒట్టు పెద్దదే, కాదనను. కానీ అది నోటికి పెట్టిన ఒట్టు. కలం కింద పెట్టడానికి నీకేం అడ్డొచ్చింది? రూల్సు పుస్తకంలో ఎక్కడా లేని రెండో బంతి మొట్టమొదటిసారి కాగితం మీదకెక్కింది. మా నాన్న వేలిముద్రతో, నీ దస్తూరీతో. నువ్వు పగవాడివైతే బాగుండేది, తిట్టుకుంటూ బతికేవాణ్ణి.

పైన రాసింది ఒక్క ముక్కా కొట్టెయ్యడం లేదు. నెల రోజులు నిన్ను ఏమనుకున్నానో నువ్వు చదవాలి. నేను ఈ నెల ఎలా గడిపానో తెలియాలి.

సోమవారం వస్తున్నాను. పేతురుకీ జిలానీకీ జరిగింది నేనే చెబుతాను, నువ్వు చెప్పొద్దు. మా నాన్న పరువు పోతుంది, పోనీ. వాళ్లు ఒప్పుకుంటే మళ్లీ అర్జీ పెడతాం. ఈసారి మేమే చదువుతాం. నువ్వు సెక్రటరీవి కాబట్టి పక్కన కూర్చుని విను.

నాన్న కూడా వస్తానంటున్నాడు. మాస్టారి దగ్గరికి మళ్లీ వెళ్తాడట. ఒకసారి వేసిన వేలిముద్ర అడిగితే వెనక్కిస్తారా అని పొద్దున్నుంచి నన్ను అడుగుతున్నాడు. ఆయనకి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. కాగితం రాసినవాడివి, నువ్వే చెప్పు.